గొంతు బాగాలేనివాళ్ళు బృందగానంలో చేరొచ్చా? (విజయవాడ, గుంటూరు వాళ్ళు చెప్పండి)

కృష్ణలంకవాసి | సోమవారం, రాత్రి 9:42

అందరికీ నమస్కారం. నాకు నలభై ఏడేళ్ళు, బ్యాంకులో పని. మా వీధి చివర ఒకరి డాబా మీద మంగళవారం, శుక్రవారం సాయంత్రం ఆరున్నరకి పదిహేను ఇరవైమంది కూర్చుని పాడుకుంటారు. ఆడవాళ్ళే ఎక్కువ, నలుగురైదుగురు మగవాళ్ళు. అన్నమయ్య కీర్తనలు, లలిత గీతాలు, ఒక్కోసారి దేశభక్తి పాటలు. ఆఫీసు నుంచి వస్తూ బండి ఆపుకుని గేటు పక్కన నిలబడి వింటుంటాను. ఇది మూడు నెలలుగా జరుగుతోంది. మొన్న ఒకావిడ పైనుంచి చూసి "పైకి రామ్మా" అని పిలిచారు. ఇంట్లో పనుందని చెప్పి వచ్చేశాను.

అసలు సంగతి చెబుతాను. ఏడో తరగతిలో ఆగస్టు 15కి ముప్ఫైమంది పిల్లలం పాట నేర్చుకున్నాం. మాస్టారు వరసలో ఒక్కొక్కరి దగ్గరా వంగి వింటూ వచ్చారు. నా దగ్గర ఆగి, "నువ్వు పెదాలు కదుపు చాలు, గొంతు బయటికి రానివ్వకు" అన్నారు. తెల్ల గౌను, జడలకి మూడు రంగుల రిబ్బన్లు, నోరు తెరిచి మూసి, తెరిచి మూసి నిలబడ్డాను. మా అమ్మ ఇంటికొచ్చాక "బాగా పాడావే" అంది. అప్పటి నుంచి ఎవరి ముందూ పాడలేదు. మా అమ్మాయికి జోల పాడేటప్పుడు కూడా గది తలుపు వేసుకునేదాన్ని.

నాలాంటి వాళ్ళు వెళ్తే వాళ్ళ పాట పాడవుతుందా? ఉన్నదున్నట్టు చెప్పండి.

---

ఐదున్నర_శృతి | సోమవారం, రాత్రి 10:15

వెళ్ళండి అమ్మా. రేపు మంగళవారమే కదా.

నేను సత్యనారాయణపురంలో పదకొండేళ్ళుగా ఇలాంటి బృందం నడుపుతున్నాను. ఇప్పుడు ఇరవై ఇద్దరం ఉన్నాం. మీరు రాసింది చదవగానే నాకు తట్టింది ఒకటే. ఆ రోజు మాస్టారు హార్మోనియం మీద ఏ శృతి పెట్టారు? శృతి అంటే పాటకి ఆధారంగా పట్టుకునే 'సా' ఎత్తు, అంకె పెరిగేకొద్దీ ఎత్తు పెరుగుతుంది. మగవాళ్ళు మామూలుగా ఒకటి, ఒకటిన్నర, మహా అయితే రెండు శృతిలో పాడతారు. ఆడవాళ్ళకి నాలుగు నుంచి ఐదున్నర మధ్య ఉంటుంది. నేర్పేవాళ్ళు తమ గొంతుకి హాయిగా ఉన్న శృతి పెట్టి పిల్లలందరినీ అందులో పాడమంటే, గొంతు కాస్త మందంగా ఉన్న పిల్ల పైస్థాయి అందుకోలేదు, కిందికి దిగితే వినిపించదు. రెండింటికీ మధ్య ఎక్కడో పట్టుకుంటుంది. దాన్ని అపశృతి అంటారు. తప్పు పిల్లది కాదు, ఆ శృతి ఆ పిల్లది కాదు. పదకొండేళ్ళలో నా దగ్గరికి "నాకు పాట రాదు" అంటూ వచ్చినవాళ్ళలో ఎక్కువమందికి తమ శృతి ఎంతో ఎవరూ చెప్పనే లేదు.

కొత్తగా వచ్చినవాళ్ళని మేం చివర కూర్చోబెట్టం. గట్టిగా నిలబడి పాడే ఇద్దరి మధ్యలో కూర్చోబెడతాం. మొదటి నెల చెప్పేది ఒక్కటే: పక్కావిడ గొంతు మీకు వినిపిస్తూ ఉండాలి. వినిపించడం మానేసిందంటే మీరు ఎక్కువ పాడుతున్నారని లెక్క. ఇది పాటించినవాళ్ళ వల్ల ఏ పాటా పాడవదు.

---

పాతరేడియో | సోమవారం, రాత్రి 11:03

చెల్లెమ్మా, నువ్వు గేటు దగ్గర నిలబడ్డావని చదివి ఆగలేక రాస్తున్నాను. నాకిప్పుడు డెబ్బై మూడు. గవర్నర్‌పేటలో పుట్టి పెరిగాను.

మన ఊళ్ళో ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. నా చిన్నప్పుడు తెల్లారితే భక్తిరంజని. బాలాంత్రపు రజనీకాంతరావు గారు, మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు ఆ కేంద్రంలో పనిచేసిన రోజుల్లో ఆ కార్యక్రమం కోసం తయారైన పాటలు ఇప్పటికీ నోటికొస్తాయి. అందులో నన్ను పట్టి లాగింది ఒకరు ఎత్తుకుంటే నలుగురు అందుకునే తీరు. పల్లవి ఒక గొంతులో వచ్చి, రెండోసారి అయిదారు గొంతుల్లో వచ్చేసరికి మా వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగేది.

రేడియోలో పాట నేర్పే కార్యక్రమం ఉండేది. మాస్టారు ఒక్కో పంక్తి పాడితే శిష్యులు తిరిగి పాడేవారు. మా అమ్మ పాల లెక్క రాసే పుస్తకం తిరగేసి వెనక పేజీల్లో సాహిత్యం రాసుకునేది. ఒక పదం తప్పిపోతే వారం ఆగాల్సిందే. పక్కింటి పిన్నిగారు గోడ మీదుగా "ఆ రెండో చరణంలో ఏమన్నారు?" అని అడిగేది. వారం చివర మా అరుగు మీద నలుగురైదుగురు కలిసి పాడుకునేవారు. వాళ్ళలో ఒక్కరికీ సంగీతం రాదు. మా అమ్మ గొంతు జీర. ఆ జీర లేకుండా ఆ పాటలు నాకిప్పుడు బోసిగా అనిపిస్తాయి.

ఇంకొకటి. సమూహగానం అనగానే ఎం.బి. శ్రీనివాసన్ గారిని తలుచుకోవాలి. చిత్తూరులో పుట్టిన మనిషి, మలయాళ సినిమాలకి సంగీతం చేశారు. 1971లో మద్రాస్ యూత్ కోయిర్ పెట్టి అనేక భారతీయ భాషల పాటలు బృందంతో పాడించారు. సినిమాల్లో అంత పని ఉన్న మనిషి పదిమందిని కూర్చోబెట్టి పాట నేర్పడానికి ఏళ్ళ తరబడి కష్టపడ్డారంటే అందులో ఎంత రుచి చూసి ఉండాలి!

---

శుద్ధమధ్యమం | మంగళవారం, ఉదయం 6:20

అందరూ రమ్మంటున్నారు కాబట్టి రెండో వైపు కూడా ఒకరు చెప్పాలి. కృష్ణలంకవాసి గారి మనసు నొప్పించడం నా ఉద్దేశం కాదు.

కర్ణాటక సంగీతం ఒక మనిషి మనోధర్మం, అంటే పాడేవాళ్ళు అప్పటికప్పుడు అల్లే కల్పన. పుష్య బహుళ పంచమికి త్యాగరాజ ఆరాధనలో ఆయన అయిదు పంచరత్న కీర్తనలు నూరుమంది కలిసి పాడతారు. నాట రాగంతో మొదలై శ్రీరాగంతో ముగిసేలోపు ఎన్ని గమకాలు (స్వరాల ఊపులు) చెరిగిపోతాయో! వరాళి రాగంలో గాంధారం, అంటే 'గ' స్వరం, ఒక్కొక్కరు ఒక్కోచోట పాడతారు. ఒకరు సంగతి (అదే పంక్తిని మార్చి పాడే తీరు) పూర్తి చేయకముందే ఇంకొకరు తర్వాతి చరణంలో ఉంటారు. భక్తి ఉంటుంది, కాదనను. సంగీతం ఉందా అన్నదే నా ప్రశ్న. పాట మీద ప్రేమ ఉన్నవాళ్ళు ముందు ఒంటరిగా శృతిపెట్టె ముందు కూర్చుని సరళీ స్వరాలు సాధన చేయాలి. గుంపులో దాక్కోవడం అలవాటైతే ఆ తప్పులు ఎప్పటికీ బయటపడవు.

---

ఆల్టో_అక్క | మంగళవారం, ఉదయం 8:05

శుద్ధమధ్యమం గారూ, "దాక్కోవడం" అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. మా దగ్గర దాక్కోవడానికి చోటే ఉండదండీ.

మాది గుంటూరు. లూథరన్ మిషనరీ హేయర్ దొరగారు ఈ ఊరికి వచ్చింది 1842లో. అప్పటి నుంచి ఇక్కడి చర్చిల్లో రెండు రకాల పాట పెరిగింది. ఒకటి తెలుగు కీర్తన: పురుషోత్తమ చౌదరి గారి లాంటి వాళ్ళు రాసినవి. పాటల పుస్తకంలో పైన రాగం, తాళం పేర్లు వేసి ఉంటాయి, తబలా, తాళాలతో సంఘమంతా ఒకే వరసలో పాడుతుంది. రెండోది క్వయర్. సొప్రానో, ఆల్టో (ఆడవాళ్ళ పై గొంతు, కింది గొంతు), టెనర్, బేస్ (మగవాళ్ళ పై గొంతు, కింది గొంతు), నాలుగు గుంపులు, నాలుగు వరసలు, ఒకేసారి.

నేను పంతొమ్మిదేళ్ళుగా ఆల్టో. అంటే పాట వరస మా దగ్గర ఉండదు, అది సొప్రానోలది. మేం పాడేది దాని కిందుగా, చాలాసేపు రెండు మూడు స్వరాల మీదే తిరుగుతుంది. కొత్తగా పెళ్ళయి వచ్చినప్పుడు వంట చేస్తూ నా భాగం ఒక్కటే సాధన చేసుకునేదాన్ని. మా అత్తగారు విని విని, "ఇదేం పాటమ్మా, ఎటూ పోకుండా అక్కడే తిరుగుతోంది" అనేవారు. క్రిస్మస్ ఆరాధనకి ముందు వరసలో కూర్చుని మొత్తం విన్నారు. ఇంటికొస్తూ ఆటోలో నా చెయ్యి పట్టుకుని, "ఆ మధ్యలో ఒకచోట ఒళ్ళు ఝల్లుమంది, అప్పుడు నువ్వు పాడింది వంటింట్లో పాడేదేనా?" అని అడిగారు. అదే అత్తయ్యా అన్నాను. "విడిగా వింటే తెలియలేదే" అన్నారు.

ఇప్పుడు ఆవిడ లేరు. ఆ పాట వచ్చినప్పుడల్లా ఆ ఒకచోట కోసం ఎదురుచూస్తాను. నా స్వరం కదలదు, పైన సొప్రానోలు ఒక మెట్టు దిగుతారు, కింద బేస్ వాళ్ళు ఒక మెట్టు ఎక్కుతారు, నిలబడినచోటే నా స్వరం రంగు మారిపోతుంది. అది ఒక్కదాన్నీ పాడుకుంటే వచ్చే సంతోషం కాదు.

---

వంతపాట | మంగళవారం, మధ్యాహ్నం 1:30

అక్కలకి, అన్నలకి నమస్తే. మాది తెనాలి పక్క పల్లెటూరు, గుంటూరులో ఉద్యోగం.

మా నాయనమ్మ ఊడ్పుల ముఠాకి పెద్ద. మోకాలి లోతు బురదలో పదీ పన్నెండుమంది ఆడవాళ్ళు వరసగా వంగి, నాటుతూ వెనక్కి నడుస్తారు. నాయనమ్మ ఒక ముక్క అంటే మిగతావాళ్ళు అదే ముక్క అందుకునేవాళ్ళు. చిన్నప్పుడు గట్టు మీద కూర్చుని చూసేవాణ్ణి. పాట ఆగితే వరస వంకర పోయేది, ఒకళ్ళు ముందు, ఒకళ్ళు వెనక. పాట మొదలైతే మళ్ళీ చేతులన్నీ ఒక్కసారే కిందికి దిగేవి. "పాడకపోతే నడుం గుర్తొస్తదిరా" అనేది. అక్కడ గొంతు బాగుందా లేదా అని ఎవరూ అడగలేదు.

బుర్రకథ చూడండి. దానికి పేరు తెచ్చిన నాజర్ గారు మన జిల్లా పొన్నెకల్లు మనిషి. మధ్యలో కథకుడు, రెండు వైపులా గుమ్మెటలు వాయిస్తూ మాట అందుకునే వంతలు, ఒకరు హాస్యం, ఒకరు రాజకీయం. వంత అంటే ఊరికే తోక పట్టుకోవడం అనుకుంటారు చాలామంది. కథకుడు ఊపిరి తీసుకునేది ఆ వంత పాడే కాస్త టైములోనే. వంత లేకపోతే కథ పది నిమిషాలు కూడా నడవదు. నేను కాలేజీలో ఉన్నప్పుడు రెండేళ్ళు ఒక దళానికి వంత పాడాను. అందుకే ఈ పేరు పెట్టుకున్నాను.

---

డాక్టర్_లక్ష్మీపురం | మంగళవారం, మధ్యాహ్నం 3:12

వంతపాట తమ్ముడు ఊపిరి మాట ఎత్తాడు కాబట్టి ఒక విషయం.

స్వీడన్‌లో గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2013లో బృందంగా పాడేవాళ్ళ గుండె వేగాన్ని పాడుతుండగా కొలిచారు. కలిసి పాడేటప్పుడు వాళ్ళ గుండెల వేగం దాదాపు ఒకేలా పెరుగుతూ తగ్గుతూ వచ్చింది. కారణం తేలికే. ఊపిరి పీల్చినప్పుడు గుండె కొంచెం వేగంగా, వదిలినప్పుడు కొంచెం నెమ్మదిగా కొట్టుకుంటుంది. పాట అంటే ఒక రకంగా ఊపిరిని పొడుగ్గా, లెక్కగా వదలడమే. ఒకే పంక్తిని ఒకేచోట ఊపిరి తీసి పాడితే గుండెలు కూడా అదే లెక్కలో పడతాయి.

2015లో ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు ఇంకోటి చేశారు. పాట క్లాసులో చేరినవాళ్ళని, చేతిపనులు, రచన నేర్చుకునే క్లాసుల్లో చేరినవాళ్ళతో ఏడు నెలలపాటు పోల్చి చూశారు. ఏడు నెలలు అయ్యేసరికి అన్ని క్లాసులవాళ్ళూ ఒకరికొకరు దగ్గరయ్యారు. కాని పాట క్లాసువాళ్ళు మొదట్లోనే, చాలా త్వరగా కలిసిపోయారు.

ఇది మందుకి బదులు అని చెప్పడం లేదు, బీపీ బిళ్ళలు మానకండి. నేను కూడా ఆదివారాలు బ్రాడీపేటలో ఒక బృందంలో పాడతాను. వారమంతా ఒకరి తర్వాత ఒకరు రోగుల మాటలు విన్న చెవులు ఆ గంటన్నర వేరే పని చేస్తాయి.

---

కృష్ణలంకవాసి | మంగళవారం, సాయంత్రం 5:50

అందరి మాటలూ లంచ్ టైములో చదివాను. ఆల్టో అక్క రాసింది చదువుతుంటే కౌంటర్ దగ్గర కళ్ళు తుడుచుకోవాల్సి వచ్చింది. శుద్ధమధ్యమం గారూ, నేనేం నొచ్చుకోలేదండీ, ఉన్నదున్నట్టు చెప్పమని అడిగింది నేనే కదా.

ఇంకో నలభై నిమిషాలుంది. చాలా టెన్షన్‌గా ఉంది. ఒక సందేహం. నాకు ఊపిరి అందదు. పొడుగు పంక్తి మధ్యలో ఆగిపోతే అందరికీ తెలిసిపోతుంది కదా?

---

ఐదున్నర_శృతి | మంగళవారం, సాయంత్రం 5:58

తెలియదు. అదే బృందంలో ఉన్న సుఖం.

పొడుగు పంక్తిలో ఇరవైమందీ ఒకేచోట ఊపిరి తీస్తే పాటకి గండి పడుతుంది. అందుకని మేం ముందే పంచుకుంటాం. పక్కపక్క ఇద్దరు ఒకేసారి తీయకూడదు. మీ పక్కావిడ తీసేటప్పుడు మీరు పట్టుకుని ఉంటారు, మీరు తీసేటప్పుడు ఆవిడ పట్టుకుంటుంది. పదం మధ్యలో తీసినా ఫర్వాలేదు, కాని చప్పుడు కాకుండా నోరు అలాగే ఉంచి తీయాలి. మళ్ళీ కలిసేటప్పుడు గట్టిగా పడకండి, మెల్లగా కిందనుంచి చేరండి. వినేవాళ్ళకి పంక్తి ఎక్కడా తెగదు. ఒక్క మనిషి అంత పొడుగు పాడలేడు, ఎంత విద్వాంసుడైనా.

శుద్ధమధ్యమం గారికి: మీరన్నదాంట్లో సగం నేనూ ఒప్పుకుంటాను. అందుకే మా బృందం అప్పటికప్పుడు అల్లి పాడే రాగాలాపన జోలికి పోదు, కల్పనస్వరం పాడదు. ఏ సంగతులు పాడాలో, ఏ స్వరం మీద ఎంత ఊపాలో ముందే తేల్చుకుని పుస్తకంలో గుర్తులు పెట్టుకుంటాం. వరాళి గాంధారం మీదే ఒక కీర్తనకి నాలుగు సాయంత్రాలు కూర్చున్నాం. ఒక్కొక్కరిచేత విడిగా పాడించి, తర్వాత ఇద్దరిద్దరిచేత, తర్వాత అందరిచేత. నాలుగో రోజు అది ఒక్కచోట పడినప్పుడు ఎవరూ మాట్లాడలేదు, ఒకావిడ "మళ్ళీ" అంది, అంతే.

ఆడా మగా కలిసి ఉంటే ఇంకో కష్టం, శృతి. మధ్యలో మూడు పెడితే మంద్రంలో (కింది స్థాయిలో) ఆడగొంతులు మాయమవుతాయి, తారస్థాయిలో (పై స్థాయిలో) మగవాళ్ళకి అందదు. కాబట్టి పాటని పంచాలి. కిందికి దిగే చోటు మగవాళ్ళది, పైకి ఎక్కే చరణం ఆడవాళ్ళది, పల్లవి అందరిదీ.

ఇక వెళ్ళండమ్మా, ఆలస్యమవుతుంది. నీళ్ళ సీసా పట్టుకెళ్ళండి, చల్లటివి కాదు.

---

శుద్ధమధ్యమం | మంగళవారం, రాత్రి 9:30

ఐదున్నర శృతి గారూ, నాలుగు సాయంత్రాలు ఒక గాంధారం మీద కూర్చున్నారని చదివాక గుంపులో దాక్కోవడం అన్న మాట అంత తొందరపడి అనకుండా ఉండాల్సింది అనిపించింది.

ఒక విషయం చెబుతాను. బాలమురళి గారు ఎనిమిదేళ్ళ వయసులో తొలి కచేరీ చేసింది విజయవాడలో త్యాగరాజ ఆరాధనలోనే అని మా నాన్నగారు గర్వంగా చెప్పేవారు. ఆయన రైల్వేలో గుమాస్తా. ఏటా ఆరాధనకి సెలవు పెట్టి, ఉతికిన పంచె కట్టుకుని గోష్ఠిలో (కలిసి పాడే గుంపులో) వెనక వరసలో కూర్చునేవారు. ఒంటరిగా ఆయన పాడగా నేనెప్పుడూ వినలేదు, అడిగినా పాడేవారు కాదు. ఆయన గొంతు ఎలా ఉండేదో నాకు తెలిసింది ఆయన పక్కన కూర్చున్న ఆ గోష్ఠిలోనే. ఆరభి రాగం కీర్తన వచ్చేసరికి తొడ మీద తాళం వేసే చెయ్యి గట్టిపడేది.

అయినా ఒక మాట మీద నిలబడతాను. ఆరాధనల్లో ముందు వరసకి పది మైకులు పెట్టి వెనకవాళ్ళకి ఏమీ వినిపించకుండా చేస్తున్నారు. మైకులు తీసేస్తే సగం గోల తగ్గుతుంది. మీ పక్కావిడ సూత్రం అప్పుడు పనిచేస్తుంది.

---

పాతరేడియో | బుధవారం, ఉదయం 5:40

మైకుల విషయంలో నూటికి నూరు పాళ్ళు నిజం. చెల్లెమ్మా, ఏమైంది? వెళ్ళావా?

---

వంతపాట | గురువారం, రాత్రి 8:15

అక్కా, ఎదురుచూస్తున్నాం.

---

కృష్ణలంకవాసి | శుక్రవారం, రాత్రి 10:48

క్షమించండి, రెండోసారి కూడా వెళ్ళొచ్చాక రాద్దామని ఆగాను.

మంగళవారం గేటు దాకా వెళ్ళి మెట్ల దగ్గర అయిదు నిమిషాలు నిలబడ్డాను. పైకి వెళ్ళగానే ఆ పిలిచినావిడ ఏమీ అడగకుండా జరిగి చాప మీద చోటిచ్చారు. అటు ఆవిడ, ఇటు ఒక రిటైరైన టీచరుగారు. ఐదున్నర శృతి గారు చెప్పినట్టే మధ్యలో! ఆ రోజంతా పెదాలే కదిపాను. అలవాటు పోలేదు. ఎవరూ ఏమీ అనలేదు. చివర్లో టీచరుగారు నా చేతిలో జిరాక్స్ కాగితం పెట్టి "శుక్రవారానికి పల్లవి చూసుకుని రా తల్లీ" అన్నారు.

మూడు రోజులు బండి మీద వెళ్తూ హెల్మెట్ లోపల పాడుకున్నాను.

ఇవాళ బ్యారేజి వైపు నుంచి గాలి బాగా వచ్చింది, కాగితాలు ఎగురుతుంటే అందరూ చెప్పులు పెట్టుకున్నారు వాటి మీద. పాట మొదలైంది. మొదటిసారి పల్లవికి పెదాలు. రెండోసారికి కొంచెం గొంతు, నాకు మాత్రమే వినిపించేంత. అయిదోసారో ఆరోసారో, పొడుగు పంక్తి దగ్గర, పక్కావిడ ఊపిరి తీసుకోవడం నాకు వినిపించింది. సన్నగా, ముక్కుతో. సరిగ్గా అప్పుడే ఇటు పక్క టీచరుగారికి దగ్గు వచ్చింది. మా చాప మీద ఆ పదం నా ఒక్కదాని గొంతులోనే ఉంది. ఎంతసేపు, రెండు క్షణాలు. వదిలేయలేదు. పక్కావిడ మెల్లగా కిందనుంచి వచ్చి కలిశారు, నా మోకాలి మీద చెయ్యి వేసి తాళం నా మోకాలి మీదే కొట్టారు పాట అయ్యేదాకా.

అయ్యాక శృతిపెట్టె దగ్గర కూర్చోబెట్టి, ఒక్కో శృతి మార్చి సా అనమన్నారు. ఐదు దగ్గర బిగుసుకుంది. కొంచెం తగ్గించారు. గొంతు దానంతటదే వెళ్ళి అక్కడ కూర్చుంది.

నా శృతి నాలుగు అట.